గుడ్డు పక్కన నాటిన కట్టె

గొర్రెలు బట్టమేక పిట్ట గుడ్లను తొక్కేస్తాయని మీరు అటవీశాఖ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా చెప్పి ఉంటే, చెప్పినవాళ్లను తప్పు పట్టకండి. వాళ్లు ఏదో పాత కాగితంలో చదివి ఉంటారు. కర్నూలు జిల్లాలోని ఒక గడ్డి బీడు గురించి ఆ వాక్యం రాసింది నేను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, చదవడానికి సుఖంగా ఉంటుందని పై అధికారులు మెచ్చుకునేవారు. అంత మంచి దస్తూరీతో నేను రాసిన ఆ మాట అబద్ధం.

ఉద్యోగం వదిలేసి చాలా ఏళ్లయింది. యాభై దాటాను. ఇది చెప్పడానికి కూర్చుంటే ముందు సిగ్గు వస్తుందనుకున్నాను. తీరా ఆ పిట్టను తలుచుకోగానే వచ్చింది సిగ్గు కాదు. ఇరవై ఏళ్ల కిందటి మాదిరే గుండె దడదడలాడింది. అందుకని ముందు పిట్ట సంగతే చెబుతాను. సిగ్గుపడడానికి తర్వాత కావలసినంత చోటుంది.

మాది రాజంపేట వైపు. కొండలూ తోటలూ చూస్తూ పెరిగాను. గార్డుగా మొదట పనిచేసింది కూడా కడప జిల్లా అడవిలోనే. అక్కడ మాకొక అలవాటుండేది. మళ్లీ రావలసిన చోటు ఏదైనా కనబడితే, దొంగలు నరికిన మొద్దు కానీ, ఎలుగుబంటి పడుకునే బండ కానీ, పక్కన ఒక కట్టె నాటి దానికి ఎర్రగుడ్డ కట్టేవాళ్లం. గుబురు అడవిలో అది లేకపోతే రెండోసారి ఆ చోటు దొరకదు. నా భుజాన వేలాడే సంచిలో ఎర్రగుడ్డ పేలికలు ఎప్పుడూ ఉండేవి. ఈ పేలికల సంగతి గుర్తు పెట్టుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను బట్టమేక పిట్టల కోసం వదిలిన ఆ బీడుకు బదిలీ చేశారు. బస్సు దిగి చూస్తే నేల, గడ్డి, ఆకాశం. అంతే. దూరంగా జింకల మంద ఒకటి. మా క్వార్టరుకు వాచరు ఒకాయన కాపలా ఉండేవాడు. కోడుమూరు మనిషి, ముసల్మాను, నాకంటే పదేళ్లు పెద్ద. నేను నలుదిక్కులా తల తిప్పుతుంటే నా పెట్టె అందుకుంటూ నవ్వాడు.

"చెట్లు యాడుండాయని వెతుకుతాండావా సార్? ఈడ చెట్టు కావాలంటే మనమే నిలబడాల."

నేనూ నవ్వాను. ఆ మాటలో ఆ బీడుకు సంబంధించిన పాఠమంతా ఉందని అప్పుడు తెలియదు.

మొదటి రెండు నెలలూ పిట్ట కనబడలేదు. అంత పెద్ద పిట్ట కనబడకపోవడం ఏమిటని నాకు అనుమానం. నిలబడితే మనిషి మొలను దాటి వస్తుంది, ఎగిరే పిట్టల్లో అంత బరువైనవి అరుదు, కానీ గడ్డిలో మెడ దించిందంటే మాయం. హస్త కార్తెలో వాన పడి తెరిపి ఇచ్చిన ఒక ఉదయం వాచరు నా భుజం తట్టి బైనాక్యులర్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని దుర్బీను అనేవాడు.

ముందు నాకు గడ్డి మధ్యలో తెల్లటి సంచి ఒకటి వేలాడుతున్నట్టు కనిపించింది. అద్దాలు సరిచేసుకున్నాను. సంచి కాదు, మగపిట్ట మెడ. మెడ కింద తిత్తిని గాలితో నింపుకుంది. అది ఉబ్బి, ఉబ్బి, రొమ్ము మీది నల్లపట్టీని దాటి దాదాపు నేల దాకా జారింది. తోకను వీపు మీదికి విరిచి విసనకర్రలా పరిచింది. రెక్కలు కిందికి వాల్చింది. నల్లటి టోపీ పెట్టుకున్న తలను ఆకాశం వైపు ఎత్తి, అంత వేషంలోనూ నాలుగడుగులు దర్జాగా వేసింది. ఆ తర్వాత శబ్దం వచ్చింది. ఖాళీ కాగులో నోరు పెట్టి ఎవరో "హూఁ" అన్నట్టు. చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. మళ్లీ "హూఁ". ఎక్కడో ఉన్న ఆడపిట్ట కోసం ఆ బీడంతా మోగుతోంది.

"ఊపిరి తీసుకో సార్, నీలం తిరుగుతాండావు" అన్నాడు వాచరు.

ఆ రోజు నేను అన్నం తిన్నట్టు గుర్తు లేదు. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు ఆ శబ్దం నోటితో చేసి వినిపించాను. జ్వరమేమైనా ఉందా అని అడిగింది.

మగపిట్ట దొరికింది కనుక ఇక నాకు ఆడపిట్ట కావాలి, గూడు కావాలి. గూడంటే పుల్లల గూడు కాదు. ఉత్త నేల మీద, చిన్న గుంట లాంటి చోట, ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు. అది పోతే ఆ ఏడు పోయినట్టే. నాలుగు వారాలు ఆడపిట్ట ఒక్కటే పొదుగుతుంది. మగవాడికి ఆ తిత్తి, ఆ పాటతోనే సరి.

బీడులో గొర్రెలు మేపుకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అరవై దాటిన మనిషి. గొంగడి, చేతికర్ర, ఎప్పుడూ సగం మూసినట్టుండే కళ్లు. పక్క ఊరివాళ్లంతా అక్కడే మేపేవారు కానీ, ఆ పిట్టల సంగతి ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని వాచరే చెప్పాడు. నేను వెళ్లి అడిగాను.

"ఆడపిట్ట యాడుంటాదో చెప్పనా? చెప్తే నువ్వేం చేస్తావు?"

"చూస్తాను, పెద్దాయనా."

"చూసి?"

"రాస్తాను."

"రాసి?"

ఆయన నవ్వి, చెప్పను పో అన్నాడు. కానీ ఆడపిట్ట ఎట్లా నడుస్తుందో చేసి చూపించాడు. గొంగడి భుజం మీదికి లాక్కుని, మెడ నిటారుగా పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి, ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు.

"మొగుని మీద అలిగి పుట్టింటికి పోతాండే ఆడమనిషి మాదిరి పోతాది సార్. బిరీన నడవదు, ఎనక్కి చూడదు. కానీ అంతా చూస్తాంటాది."

ఆయన చెప్పకపోయినా ఆయన గొర్రెలు చెప్పాయి. కాపలా మంచె మీద నుంచి నేను వరుసగా మూడు రోజులు ఆ మందను చూశాను. మూడు రోజులూ మంద ఒకే చోట రెండుగా చీలి, కొంచెం దూరం పోయాక మళ్లీ కలుస్తోంది. వాగులో బండ ఉంటే నీళ్లు చీలినట్టు. అక్కడ బండ లేదని నాకు తెలుసు. మూడో రోజు అద్దాలు సరిగ్గా ఆ చోటి మీద నిలిపి ఊపిరి బిగబట్టాను. ముందు నడిచే గొర్రె దగ్గరికి రాగానే గడ్డిలోంచి ఆడపిట్ట లేచింది. రెక్కలు రెండూ బారగా విప్పి, మెడ చాచి, బుస కొట్టినట్టు నిలబడింది. గొర్రె తడబడి పక్కకు తిరిగింది. దాని వెనకవన్నీ అటూ ఇటూ చీలిపోయాయి. మంద దాటిపోయాక పిట్ట రెక్కలు ముడిచి, ఏమీ జరగనట్టు కూర్చుంది.

ఇది నేను నా కళ్లతో చూశాను. తర్వాత నేను రాసినదాన్ని ఈ చూసినదానితో పక్కపక్కన పెట్టి చదువుకోండి.

మధ్యాహ్నం ఆడపిట్ట మేతకు లేచి దూరంగా వెళ్లాక మంచె దిగి పరుగెత్తాను. గుడ్డు ఉంది. కోడిగుడ్డుకు రెండింతలు, ఎండిన పేడ రంగు మీద గోధుమరంగు మరకలు. ఒక అడుగు పక్కకు వేసి చూస్తే కనబడదు, మళ్లీ వెనక్కి వేస్తే కనబడుతుంది. కన్ను మూసి తెరిస్తే పోతుందేమోనని భయం. ఆ ఏడు ఆ బీడులో గూడు చూసిన మొదటివాణ్ని నేనే అనుకున్నాను. నాకంటే ముందు చూసిన పెద్దాయన లెక్కలోకి రాలేదు. ఆయన రాసేవాడు కాదు కదా.

రేంజరుకు ఫోన్ చేశాను. ఆయన ఇంకా పైకి ఫోన్ చేశాడు. నాలుగు రోజుల్లో పెద్ద అధికారి స్వయంగా వస్తున్నారని, ఫొటోలు తీస్తారని, చోటు సరిగ్గా గుర్తు పెట్టుకొమ్మని మాట వచ్చింది. సరిగ్గా గుర్తు పెట్టుకోవడం నాకు ఒకే ఒక రకంగా వచ్చు. పిట్ట మేతకు పోయిన వేళ చూసి, గుడ్డుకు పది అడుగుల దూరంలో ఛాతీ ఎత్తు కట్టె ఒకటి నాటి, ఎర్రగుడ్డ కట్టి వచ్చాను. వాచరు అప్పుడు సెలవు మీద కోడుమూరులో ఉన్నాడు. ఉంటే ఏమనేవాడో.

సాయంత్రం పెద్దాయన నేరుగా మంచె దగ్గరికి వచ్చాడు. అంతకు ముందెప్పుడూ రాలేదు.

"ఆ కట్టె పీకెయ్ సారూ."

"ఎందుకు?"

"బీడులో కట్టె నాటకూడదు. కాకికి కుర్సీ ఏసినట్టుంటాది."

"ఇన్నాళ్ల నుంచి చూస్తున్నాను, ఇక్కడ ఒక్క కాకి లేదు కదా పెద్దాయనా."

"కుర్సీ లేదు గాబట్టి లేవు."

నేను నవ్వాను. అధికారి వచ్చి వెళ్లగానే పీకేస్తానన్నాను. ఆయన చేతికర్ర ఎత్తి ఎర్రగుడ్డ వైపు చూపించాడు.

"నేను పీకితే నా మీద కేసు పెడతావు గదా?"

సరదాకు "పెడతాను" అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. ఆయన సరదాగా అడగలేదని ఇప్పుడు తెలుస్తోంది.

అధికారి వచ్చే రోజు పొద్దున నేను ఉతికిన యూనిఫాం వేసుకుని అందరికంటే ముందు బయలుదేరాను. ఎర్రగుడ్డ దూరం నుంచే కనబడుతోంది. గుడ్డ పైన నల్లగా ఏదో ఉంది. ఇంకొంచెం దగ్గరికి వెళ్లాక అది తల తిప్పింది. కాకి. నన్ను చూసి నింపాదిగా లేచిపోయింది. దాని ముక్కుకు పచ్చసొన అంటుకుని ఉంది.

గుడ్డు ఒక పక్కన పగిలి ఖాళీగా పడి ఉంది. చుట్టూ ముందురోజు సాయంత్రం దాటిన మంద అడుగులు, రెండుగా చీలి, గుడ్డుకు బారెడు దూరంలో అటూ ఇటూ. కొంచెం అవతల ఆడపిట్ట నిలబడి ఉంది. ఎగరలేదు. నన్ను చూస్తూనే ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేసింది. పెద్దాయన చేసి చూపించిన నడకే. కానీ అది అటు కాదు, ఇటు వస్తోంది. ఖాళీ పెంకు మీద కూర్చోవడానికి.

రోడ్డు మీద జీపు శబ్దం వినిపించింది. అప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచించానంటే ఇంకో అబద్ధమవుతుంది. కట్టె పీకాను, మోకాలికేసి విరిచాను, తంగేడు పొదలో విసిరేశాను, ఎర్రగుడ్డ జేబులో కుక్కుకున్నాను. జీపు ఆగేసరికి సెల్యూట్ కొట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

అధికారి పెంకును చూశాడు, గొర్రెల అడుగులను చూశాడు. మంచి మనిషే, మొహం పాలిపోయింది.

"గొర్రెలా?" అన్నాడు.

రేంజరు నా వైపు చూశాడు.

"అవును సార్" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేను పలికిన అతి చిన్న మాటల్లో అదొకటి. పెద్దాయనను పిలిపించారు. ఆయన మెల్లగా వచ్చి, మా ముగ్గురి మధ్య కాక కొంచెం పక్కగా, గడ్డి లేని చోట నిలబడ్డాడు.

"మా గొర్రెలు తొక్కలేదు సామీ. అది లేచి రెక్కలిప్పితే గొర్రె కాదు, దున్నపోతు గూడా పక్కకు పోతాది."

"మరి గుడ్డు దానంతటదే పగిలిందా?" అన్నాడు రేంజరు.

పెద్దాయన నా వైపు చూశాడు. నేను ఆయన చెప్పుల వైపు చూశాను. ఫొటో కోసం పక్కకు జరగమని అధికారి రెండుసార్లు చెప్పినా ఆయన కదల్లేదు. "చెవుడా ఏమయ్యా?" అని రేంజరు విసుక్కున్నాడు. ఆయన అట్లాగే నిలబడ్డాడు, ఒక కాలు కొంచెం ముందుకు పెట్టి.

ఆ సాయంత్రం రిజిస్టరులో గుండ్రంగా రాశాను, గొర్రెల మంద తొక్కిడి వల్ల గుడ్డు నష్టపోయిందని. నెల తిరగకుండానే బీడు చుట్టూ కందకం తవ్వారు. గొర్రెలు లోపలికి రాకూడదన్నారు. సెలవు నుంచి వచ్చిన వాచరు రిజిస్టరు చదివాడు, తంగేడు పొదలోని విరిగిన కట్టె తెచ్చి పొయ్యిలో పెట్టాడు.

"గొర్రెకు నోరు లేదు గాబట్టి శానా బాగా రాసినావు సార్" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు టీ గ్లాసు నా చేతికి ఇవ్వలేదు. గట్టు మీద పెట్టి పోయేవాడు.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. మేసే గొర్రె లేదు కనుక గడ్డి మొలదాకా పెరిగింది. చూడడానికి ఎంత అందంగా ఉందో. తనిఖీకి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. బట్టమేక పిట్టకు మాత్రం నచ్చలేదు. దూరం నుంచి వచ్చేదేదో కనబడని చోట అది గుడ్డు పెట్టదు. మగపిట్ట ఒక్కటే రెండు మూడు రోజులు వచ్చి, ఆ గడ్డిలో తన వేషం ఎవరికీ కనబడదని తెలుసుకుని వెళ్లిపోయింది. ఆ ఏడు ఆ "హూఁ" శబ్దం వినలేదు. ప్రతి పొద్దూ మంచె ఎక్కి చెవులు రిక్కించి కూర్చునేవాణ్ని. గాలి, గడ్డి, నా రాత.

పంటలు కోసి ఒబ్బిడి చేసే రోజుల్లో ఒక ఉదయం పెద్దాయన కందకం అవతల నిలబడి కర్ర ఊపాడు. ఏడాదిగా నాతో మాట్లాడలేదు. మేత లేక మందలో సగం అమ్మేశాడని, మిగిలినవాటిని రోడ్డు పక్కన, బీళ్లుగా వదిలేసిన చేలల్లో తిప్పుతున్నాడని వాచరు చెబుతుండేవాడు. నేను కందకం దిగి ఎక్కి ఆయన దగ్గరికి పోయాను.

"రా, ఒకటి చూపిస్తా. సంచి ఈడనే పెట్టు."

"ఎందుకు?"

"దాంట్లో గుడ్డ పేలికలుంటాయి."

సంచి అక్కడే పెట్టాను. దారిలో నేను ఆగిపోయి, "నీకు తెలుసా?" అన్నాను. ఏడాదిగా అడగలేకపోయిన మాట.

"ఏంది తెలిసేది? పొద్దన్నే కాకి కూర్చుండేది చూసినా. నువ్వు కట్టె పీకి ఇరిచేది చూసినా. ఇరిచినావు గానీ, బొక్క పూడ్చల్యా నువ్వు. నా చెప్పు కింద పెట్టుకుని నిలబడితి."

కట్టె పీకిన గుంత. అధికారి జరగమన్నా ఆయన జరగకపోవడం అందుకు.

"ఎందుకు చెప్పలేదు పెద్దాయనా? నీ మేత పోయింది కదా."

"చెప్తే నిన్ను తీసి ఇంగొకన్ని పెడతారు. వాడు ఇంగా పెద్ద కట్టె నాటుతాడు. నువ్వయితే ఒకతూరి కాలినోనివి." కొంచెం దూరం నడిచాక మళ్లీ అన్నాడు: "నీకోసమని అనుకోవాకప్పా. పిట్ట కోసం."

వేరుశనగ పీకేసిన చేను పక్కన బీడు పడిన చెలక ఒకటి. దాని గట్టు మీద ఏరి పోసిన రాళ్ల కుప్ప వెనక ఇద్దరం బోర్లా పడుకున్నాం. చెలక మధ్యలో ఆడపిట్ట నిలబడి ఉంది. దాని కాళ్ల దగ్గర మట్టిబెడ్డ ఒకటి కదిలింది. నేను అద్దాలు సరిచేసుకున్నాను. మట్టిబెడ్డకు కళ్లున్నాయి.

పిల్ల! ఇసుక రంగు మీద నల్లచారలు, పిడికెడు ఒళ్లు, ఒంటికి మించిన కాళ్లు. తల్లి మిడతను పట్టి, మింగకుండా ముక్కున పట్టుకుని వంగింది. పిల్ల ఒక్క ఎగురు ఎగిరి లాక్కుంది, ఆ ఊపుకు వెల్లకిలా పడింది, మిడతను మాత్రం వదల్లేదు. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చినట్టుంది, పెద్దాయన నా మూతి మీద చెయ్యి పెట్టాడు. ఆయన అరచేయి గొర్రెల వాసన. తల్లి నాలుగడుగులు వేసి ఆగేది, పిల్ల పది అడుగులు పరుగెత్తి తల్లి కాళ్లకు కొట్టుకునేది. తల్లి పైకి చూసినప్పుడల్లా పిల్ల కూడా పైకి చూసేది, ఎందుకో తెలియకపోయినా.

అప్పుడు చూశాను. పెద్దాయన మంద వెనక నుంచి మేసుకుంటూ నేరుగా వాటి వైపు వస్తోంది. నేను గభాలున లేవబోయాను. ఆయన నా చొక్కా పట్టి కిందికి లాగాడు.

"కూచో. నీకంటే దానికే బాగా తెలుసు."

ముందు గొర్రె దగ్గరికి వచ్చింది. తల్లి పిల్లను కాళ్ల మధ్యకు తీసుకుని, రెక్కలు రెండూ విప్పింది. ఎంత విప్పిందంటే, అంత వెడల్పు ఆ ఒంట్లో ఎక్కడ దాగి ఉందో అనిపించింది. గొర్రె ఆగింది. మంద చీలింది. అటు కొన్ని, ఇటు కొన్ని, మధ్యలో తెల్లటి మెడ ఒకటి నిటారుగా. గొర్రెలన్నీ దాటిపోయాక తల్లి రెక్కలు ముడిచింది. కింది నుంచి పిల్ల బయటికి వచ్చి, గొర్రె పడేసిన పెంటికలో పురుగును వెతుక్కుని తింది.

పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి కాదు, కానీ అట్లా నవ్వడం చూడలేదు. చప్పుడు రాకుండా, ఒళ్లంతా ఊగేట్టు, కళ్లు తుడుచుకుంటూ. అంతకు ముందు ఎన్నిసార్లు ఇచ్చినా దుర్బీను వద్దన్నవాడు, నా మెడలోంచి దాన్ని లాక్కుని కళ్లకు పెట్టుకున్నాడు. తిప్పి పట్టుకున్నాడు. "ఏమప్పా, ఇంగా దూరం పోయె!" అన్నాడు. ఇద్దరం గొంగట్లో మొహాలు పెట్టుకుని నవ్వాం. నా మొత్తం ఉద్యోగంలో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన రెండు మాటలు అడిగాడు. ఈ పిల్ల సంగతి రాయొద్దన్నాడు. రాస్తే ఆ చెలక చుట్టూ కూడా కందకం తవ్వుతారు. రెండోది, గొర్రెలు తొక్కలేదని మీ రేంజరుకు ఒక్క మాట చెప్పమన్నాడు. "కట్టె మాట చెప్పొద్దులే. గొర్రెలు కాదు, అని చెప్పు చాలు. గడ్డి మేయకపోతే పిట్ట రాదప్పా. నా కోసం గాకున్నా."

చెబుతానన్నాను. ఆ సంతోషంలో నిజంగానే చెప్పాలనుకున్నాను. రెండు రోజుల తర్వాత రేంజరు గదిలోకి వెళ్లాను. ఆయన తల ఎత్తి ఏమిటన్నాడు. "కొత్త బూట్లు ఇంకా రాలేదు సార్" అన్నాను. పై నెలలో వచ్చాయి. బాగా కరిచాయి.

మొదటి మాట మాత్రం నిలబెట్టుకున్నాను. ఆ ఏడు రిజిస్టరులో గూడు కనబడలేదని రాశాను. అంటే నేను రాసిన తొక్కిడి జరగలేదు, జరిగిన పుట్టుక నేను రాయలేదు. ఆ రెండింటి మధ్య నా జీతం నడిచింది. ఏడాదికేడాది పిట్టలు తగ్గాయి. తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయని చదువుకున్నవాళ్లు అంటారు, నిజమే కావచ్చు. నా వంతు ఎంతో నాకు తెలుసు. నేను బదిలీ మీద మళ్లీ కడప వైపు వచ్చేశాను. పెద్దాయన చనిపోయాడని వాచరు ఫోన్ చేసి చెప్పాడు. నేను వెళ్లలేదు.

ఈ మధ్యనే, ఇదంతా కాగితం మీద పెట్టి కార్యాలయానికి పంపాను. పాత రిజిస్టరులో ఆ వాక్యం పక్కన ఈ కాగితం కుట్టమని అడిగాను. కుట్టారో లేదో తెలియదు. కాగితం పంపితే సరిపోదనిపించి, పెద్దాయన కొడుకు ఎక్కడున్నాడో వాచరును అడిగి, బేతంచెర్ల వెళ్లాను.

నాపరాళ్లకు నునుపు పట్టే షెడ్డు అది. నీళ్లు, తెల్లటి బురద, మాట వినబడనంత మిషను హోరు. కొడుక్కి నా వయసే ఉంటుంది. మోకాళ్ల దాకా రాతిపొడి. గొర్రెలు అమ్మేశాక ఇక్కడికి వచ్చాడట. నేనెవరో చెప్పాను. మిషను ఆపాడు. కట్టె దగ్గర నుంచి బూట్ల దాకా అంతా నిలబడే చెప్పాను. వింటున్నంతసేపూ నా మొహం చూడలేదు, తన చేతులు చూసుకున్నాడు.

"గొర్రెలు తొక్కలేదా?" అన్నాడు చివరికి.

"లేదు."

"మా నాయనను నేను ఎన్ని మాటలంటినో నీకు తెల్దు. పిట్ట గుడ్డును చూసుకోలేనోనివి, మందను ఏం చూస్తావు, నీ వల్లనే బీడు పోయె అంటి. అన్నం తింటాండే మనిషిని అంటి. ఒక్క మాట తిరిగి చెప్పల్యా."

నేను చేతులు జోడించాను. ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు.

"నాకెందుకప్పా దండాలు? నాకు పెడితే ఆయప్పకు ముడతాయా?"

ఇక వెళ్లమంటాడనుకున్నాను. వెళ్లమనలేదు. బకెట్లో చేతులు కడుక్కుని, తలగుడ్డతో తుడుచుకున్నాడు.

"ఆ పిల్లను మా నాయన చూసినాడా?"

"చూశాడు. పక్కపక్కన పడుకుని ఇద్దరం చూశాం."

"నవ్వినాడా?"

"నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు."

తల ఊపాడు. "తల్లి యెట్ల పోతాండె?"

నేను సంచి కింద పెట్టాను. ఆ తడినేల మీద, పనివాళ్లంతా చూస్తుండగా, మెడ నిటారుగా పెట్టి ఒక అడుగు వేశాను. ఆగాను. ఇంకో అడుగు వేశాను.

"అట్ల గాదు" అన్నాడు కొడుకు. "మా నాయన చేసి చూపిస్తాండె చిన్నప్పుడు. గడ్డం ఇంగా పైకెత్తాల."

ఎత్తాను.